ట్రంకుపెట్టెలో 40 ఏళ్ల ఫోటోలు, నెగెటివ్‌లు: స్కానర్ కొనాలా, కెమెరా కొనాలా?

హన్మకొండ_మధు
బాపు సంవత్సరీకం అయ్యాక అటక మీది ట్రంకుపెట్టె దించాం. అందులో మూడు రకాలు ఉన్నాయి. అంటుకునే ఆల్బమ్‌లలో మ్యాక్సీ సైజు కలర్ ప్రింట్లు 300 దాకా. అరచేతిలో పట్టే బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు ఒక 80. ఒక బిస్కెట్ల డబ్బా నిండా నెగెటివ్‌లు. వాటిలో కొన్ని సన్నటి పట్టీలు, కొన్ని పెద్దవి, నలుచదరంగా ఉన్నాయి. బాపు కాజీపేటలో రైల్వే ఉద్యోగి. పెండ్లికి ముందే ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా కొనుక్కున్నాడని అమ్మ చెప్పింది.

అమ్మకు 74. చూపు తగ్గుతోంది. ఇవన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి టీవీలో పెద్దగా చూపించాలని నా కోరిక. బడ్జెట్ 15 వేలు. మొబైల్ షాపులో అడిగితే 50 మెగాపిక్సెల్ ఫోన్ చాలన్నారు. కంప్యూటర్ షాపులో 4800 డీపీఐ స్కానర్ తీసుకో అన్నారు. మా బావమరిదేమో డీఎస్‌ఎల్‌ఆర్ కొను, రేపు పిల్లల ఫంక్షన్లకు కూడా పనికొస్తుంది అంటున్నాడు. అసలు మెగాపిక్సెల్‌కూ డీపీఐకీ తేడా ఏంటో ఎవరూ చెప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కాజీపేట_పోరడు
ఫోన్ చాలు అన్నా. గూగుల్ ఫోటోస్కాన్ యాప్ వేసుకో, ఉచితం. ఒక్కో ఫోటోను నాలుగైదు చోట్ల నుంచి తీయించి, లైటు మెరుపు లేకుండా కలిపి ఇస్తుంది. మా తాత ఫోటోలన్నీ ఒక్క ఆదివారంలో అయిపోయినయి.

మంచిర్యాల_టీచరమ్మ
నేనూ అలాగే ఫోన్‌తో 200 తీశాను. వాట్సాప్‌లో చూసుకున్నంత కాలం బాగానే ఉన్నాయి. మా అన్నయ్య షష్టిపూర్తికి ఫ్లెక్సీ వేయిద్దామని అమ్మ ఫోటో పెద్దది చేస్తే గుండె ఆగినంత పనైంది. అమ్మ ముఖం మీద చిన్నప్పటి అమ్మవారి మచ్చలు ఉండేవి. ఫోన్ తనంతట తానే ముఖం నునుపు చేసి వాటిని తుడిచేసింది. ఆ మచ్చలు లేకపోతే అది మా అమ్మ ముఖమే కాదు. మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

రీలుడబ్బా
వరంగల్‌లో 24 ఏళ్లు స్టూడియో నడిపాను. 2009లో మూసేశాను.

మధూ, ఏ యంత్రం కొనాలన్నది తర్వాత. ముందు పెట్టెలో ఉన్నవాటిని రెండు కుప్పలు చెయ్యి. వెలుతురు పైన పడితే కనబడేవి ఒక కుప్ప, అవి ప్రింట్లు. వెలుతురు వెనక నుంచి వస్తేనే కనబడేవి ఇంకో కుప్ప, అవి నెగెటివ్‌లు. మామూలు స్కానర్‌లో దీపం అద్దం కింద ఉంటుంది. దాని మీద ప్రింటు బోర్లా పెడితే పని అయిపోతుంది. నెగెటివ్ పెడితే మాత్రం నల్లటి పట్టీ వస్తుంది, బొమ్మ రాదు. నెగెటివ్‌కైతే మూతలో కూడా దీపం ఉన్న స్కానర్ కావాలి. లేదంటే లైట్‌ప్యాడ్, అంటే కింద నుంచి వెలిగే పలక మీద పెట్టి కెమెరాతో తీయాలి. ఈ ఒక్క సంగతి తెలియక మామూలు స్కానర్ కొని, ఇంటికెళ్లాక తల పట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

నీ నలుచదరం నెగెటివ్‌లు 120 రీలువి. క్లిక్ త్రీ ఒక రీలుకు 12 బొమ్మలు తీసేది. ఒక్కో బొమ్మ సుమారు 56 మిల్లీమీటర్ల చదరం. సన్నటి పట్టీలు 35 ఎంఎం, వాటిలో బొమ్మ 36 బై 24 మిల్లీమీటర్లు. పెద్ద నెగెటివ్‌లో వివరం ఎక్కువ. అంటే నీ పెట్టెలో అన్నిటికన్నా విలువైనవి ఆ బిస్కెట్ల డబ్బాలోనే ఉన్నాయి. పోయిన ప్రింటు మళ్లీ కొట్టుకోవచ్చు, నెగెటివ్ పోతే ఇంకేమీ లేదు.

ఇంకొకటి. డబ్బా మూత తీసి వాసన చూడు. పుల్లగా వెనిగర్ వాసన వస్తే ఫిల్మ్ చెడిపోవడం మొదలైందని అర్థం. వాసన వచ్చేవాటిని విడిగా తీసిపెట్టి ముందు వాటినే ఎక్కించు. డబ్బాలో ఉంచితే పక్కవాటికీ అంటుకుంటుంది.

సిరిసిల్ల_మగ్గం
మాది నేత ఇల్లు. నాకు అర్థమైన తీరులో చెబుతాను.

కెమెరా ఒక్క క్షణంలో బొమ్మ మొత్తాన్ని పట్టుకుంటుంది. స్కానర్ అలా కాదు. దాని లోపల కాగితం వెడల్పున ఒకే ఒక వరుసలో సెన్సర్, అంటే వెలుతురును కొలిచే భాగం ఉంటుంది. అది జరుగుతూ ఒక్కో గీత చదువుతుంది. మగ్గం మీద ఒక్కో పేక పోగు పడుతూ గుడ్డ పెరిగినట్టు బొమ్మ పెరుగుతుంది. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు చదువుతుందన్న లెక్క. బట్టలో అంగుళానికి ఇన్ని పోగులని చూస్తాం కదా, అదే. మెగాపిక్సెల్ బట్ట మొత్తం లెక్క. 10 లక్షల చుక్కలు ఒక మెగాపిక్సెల్.

4 బై 6 అంగుళాల ఫోటోను 300 డీపీఐలో చదివితే 1200 బై 1800, అంటే 21 లక్షల 60 వేల చుక్కలు. 600లో చదివితే 2400 బై 3600, అంటే 86 లక్షల 40 వేలు. మీ ఇంట్లో 4కే టీవీ ఉంటే దాని తెర 3840 బై 2160, దాదాపు 83 లక్షలు. అమ్మగారికి టీవీలో చూపించడానికి 600 సరిగ్గా సరిపోతుంది.

హన్మకొండ_మధు
సిరిసిల్ల అన్నా, ఇన్ని రోజుల్లో మొదటిసారి అర్థమైంది. రీలుడబ్బా సార్, డబ్బా వాసన చూశాం. అడుగున ఉన్న మూడు పట్టీలు పుల్లగా వాసన వస్తున్నాయి. విడిగా కవర్లో పెట్టాను. మరి 600 చాలైతే షాపతను 4800 ఎందుకు చెప్పాడు?

లెన్స్_పిచ్చి
4800లోనే చెయ్యండి. హార్డ్‌డిస్క్ ఇవాళ చవక. జన్మకు ఒక్కసారి చేసే పని, ఎక్కువలో చేస్తే తప్పేముంది?

రీలుడబ్బా
లెన్స్_పిచ్చి తమ్మీ, లెక్క కట్టి చూడు. 4 బై 6 ఫోటో 4800లో చదివితే 19,200 బై 28,800. 55 కోట్ల చుక్కలు దాటుతుంది. నాణ్యత తగ్గించని టిఫ్ ఫైలుగా దాచితే ఒక్క ఫోటో 1.6 జీబీ పైనే. 600లో అదే ఫోటో 26 ఎంబీ. పోనీ ఆ 55 కోట్ల చుక్కల్లో ఏముంటుంది? కాగితం పీచు, దుమ్ము. ల్యాబ్‌లో కొట్టిన ప్రింటులో 300 డీపీఐకి మించిన వివరం దొరకడం అరుదు. నేను స్వయంగా వేల ప్రింట్లు కొట్టినవాణ్ని. 600 పెడితే అదనంగా కొంత మిగులు కూడా ఉంటుంది. అరచేతి సైజు బ్లాక్ అండ్ వైట్ ఫోటోలకు, పాస్‌పోర్టు ఫోటోలకు 1200 పెట్టు. పెద్ద నంబర్లన్నీ నెగెటివ్‌లకు. బొమ్మ చిన్నది కాబట్టి అక్కడ 2400, 3200 అవసరం.

డబ్బా మీద రెండు డీపీఐలు రాస్తారు. ఆప్టికల్ అన్నది నిజంగా చదివేది. ఇంటర్‌పొలేటెడ్ అన్నది మధ్యలో చుక్కలు ఊహించి కలిపేది. మొదటిదే చూడు.

ఎనుమాముల_మిర్చి
ఒక్క ఫోటోకు 1.6 జీబీయా! 300 ఫోటోలకు దాదాపు 500 జీబీ. మా యార్డులో మిర్చి బస్తాలకే ఇంత జాగా దొరకడం లేదు.

లెన్స్_పిచ్చి
సరే, ప్రింట్ల విషయంలో రీలుడబ్బా సార్ మాటే ఒప్పుకుంటాను. కానీ నెగెటివ్‌లకు కెమెరానే నా ఓటు. మూతలో దీపం ఉన్న ఎప్సన్ వి600 లాంటివి మధు అన్న బడ్జెట్ దాటతాయి. పైగా ఒక్కో ఫ్రేముకు నిమిషాలు పడుతుంది. కెమెరాతో ఒక్క క్లిక్కు.

కెనాన్ 1500డీ లాంటి మామూలు 24 మెగాపిక్సెల్ కెమెరా, దాంతో వచ్చే 18-55 లెన్స్ చాలు. 120 నెగెటివ్‌ను ఫ్రేము ఎత్తుకు సరిపెట్టి తీస్తే 4000 బై 4000 వస్తుంది, అంటే 16 మెగాపిక్సెల్. 35 ఎంఎం పట్టీలకు ఈ లెన్స్ అంత దగ్గరికి పోలేదు. ఎంత దగ్గరగా పెట్టినా బొమ్మ ఫ్రేములో సగం వెడల్పుకు కాస్త మించి వస్తుంది. అయినా 70 లక్షల చుక్కల దాకా దక్కుతాయి. అంతకన్నా కావాలంటే లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు వేసుకోవాలి. కొనొద్దు అన్నా, ఎవరి దగ్గరైనా రెండు రోజులు అడిగి తెచ్చుకోండి.

కాజీపేట_పోరడు
మరి 50 మెగాపిక్సెల్ ఫోన్ కన్నా 24 మెగాపిక్సెల్ కెమెరా ఎట్ల మేలు? నంబరు ఎక్కువుంటే మంచిదే కదా.

గొలుసుకట్టు
పోరడా, మంచి ప్రశ్న. మా ఊరు రామప్ప దగ్గర, కాబట్టి చెరువుల లెక్కలో చెబుతాను.

సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ ఒక కుంట. వెలుతురు వాన. ఎంత వాన పడితే కుంటలో అంత నీరు. ఫోన్ సెన్సర్ చిటికెన వేలి గోరంత ఉంటుంది. అందులో 5 కోట్ల కుంటలు తవ్వితే ఒక్కోటి దోసెడు నీళ్లు కూడా పట్టదు. కెమెరా సెన్సర్ 22 బై 15 మిల్లీమీటర్లు. కుంటలు తక్కువ, కానీ ఒక్కోటి పెద్దది. వాన తక్కువ పడ్డ చోట, అంటే ఇంట్లో మసక వెలుతురులో, చిన్న కుంటల లెక్క తప్పుతుంది. బొమ్మలో మచ్చలు మచ్చలుగా కనబడేది అదే. దాన్ని కప్పిపుచ్చడానికే ఫోన్ ముఖాలు నునుపు చేస్తుంది. టీచరమ్మ గారి అమ్మ మచ్చలు పోయింది అందుకే. చాలా 50 మెగాపిక్సెల్ ఫోన్లు నాలుగేసి పిక్సెళ్లను కలిపి చివరికి ఇచ్చేది 12 మెగాపిక్సెల్ ఫోటోనే.

ఇంకో తేడా రంగుది. కెమెరాలో ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే చూస్తుంది. నాలుగింట్లో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మిగతా రంగులు చుట్టుపక్కల పిక్సెళ్లను చూసి లెక్క కడుతుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ కనిపెట్టిన అమరిక ఇది, 1976లో పేటెంట్ వచ్చింది. స్కానర్ అయితే ప్రతి చుక్క దగ్గరా మూడు రంగులూ కొలుస్తుంది. అందుకే ప్రింట్లకు స్కానర్ 86 లక్షలు, కెమెరా 86 లక్షలు సమానం కావు. స్కానర్‌దే పైచేయి.

హన్మకొండ_మధు
చెరువుల లెక్క బాగా ఎక్కింది. ఇవాళ షాపుకు వెళ్తే ఒక స్కానర్ వివరాల్లో సీఐఎస్ అని, ఇంకోదానిలో సీసీడీ అని ఉంది. రెండోది బరువుగా ఉంది, ధర కూడా ఎక్కువ. ఏది తీసుకోను?

గొలుసుకట్టు
సీసీడీ అంటే అచ్చంగా మన గొలుసుకట్టు చెరువులే. ఒక కుంటలో నీరు పక్క కుంటలోకి, అక్కడి నుంచి ఆ పక్కదానిలోకి, చివరికి ఒక్క తూము దగ్గర కొలత. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ చేశారు. 2009లో వాళ్లకు నోబెల్ కూడా వచ్చింది. ఇప్పటి కెమెరాల్లో ఎక్కువగా ఉండేది సీమోస్, దానిలో ప్రతి కుంటకూ దాని తూము దానిదే.

స్కానర్ల దగ్గరికొస్తే తేడా వేరు. సీసీడీ స్కానర్‌లో అద్దాలు, లెన్స్ ఉంటాయి. అందుకే బరువు. ఫోటో అద్దానికి అంటకుండా రెండు మూడు మిల్లీమీటర్లు ఎత్తులో ఉన్నా స్పష్టంగానే వస్తుంది. సీఐఎస్‌లో సెన్సర్ వరుస అద్దం కిందనే ఆనుకుని ఉంటుంది. పలుచగా, తేలిగ్గా ఉంటుంది, యూఎస్‌బీ తీగ కరెంటుతోనే నడుస్తుంది. కానీ ఫోటో అద్దానికి పూర్తిగా ఆనితేనే పదును. వంకర తిరిగిన ఫోటో, మందపాటి పుస్తకం పెడితే లేచిన చోట మసక.

ఆల్బమ్ ప్రింట్లకు సీఐఎస్ చాలు. కెనాన్ లైడ్ 300 అలాంటిదే, ఆప్టికల్ 2400.

మంచిర్యాల_టీచరమ్మ
పిల్లలకు చెబితే కళ్లు పెద్దవి చేసే సంగతి ఒకటి. అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే ఆయన 1957లో తొలిసారి ఒక ఫోటోను కంప్యూటర్‌లోకి స్కాన్ చేశాడు. మూడు నెలల వయసున్న తన కొడుకు ఫోటో. 176 బై 176 చుక్కలు మాత్రమే. 1975లో కొడాక్‌లో స్టీవెన్ సాసన్ చేసిన తొలి డిజిటల్ కెమెరా 0.01 మెగాపిక్సెల్, ఒక్క బొమ్మను క్యాసెట్ టేపు మీద రాసుకోవడానికి 23 సెకన్లు పట్టేది. కొడుకు ఫోటోతో మొదలైన పని ఇవాళ తండ్రి ఫోటోల కోసం వాడుతున్నారు మధు గారూ.

జగిత్యాల_రమ
ఇంత కష్టం ఎందుకని నేను ఒక స్టూడియోకు ఇచ్చాను. పేరు చెప్పను. 300 ఫోటోలు, 40 నెగెటివ్ పట్టీలు. వారంలో పెన్‌డ్రైవ్ ఇచ్చారు. ఒక్కో ఫైలు 150 కేబీ! ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో కంప్యూటర్‌కు పంపుకున్నారని తర్వాత తెలిసింది. అంతకన్నా బాధ ఏంటంటే కవర్లో పట్టడం కోసం మూడు నెగెటివ్ పట్టీలను ఫ్రేము మధ్యలో కత్తిరించారు. మా చెల్లె అన్నప్రాసన ఫోటో రెండు ముక్కలుగా ఉంది ఇప్పుడు. ఎవరికైనా ఇచ్చే ముందు ఏ డీపీఐ, ఏ ఫైలు రకం, ఎన్ని నెగెటివ్‌లు అన్నది కాగితం మీద రాయించుకోండి. ముందు రెండు చేయించి చూసుకోండి.

రీలుడబ్బా
రమమ్మా, చదివి మనసు విలవిల్లాడింది. పట్టీని రెండు బొమ్మల మధ్య ఖాళీలోనే కత్తిరించాలన్నది డార్క్‌రూమ్‌లో మొదటి రోజు నేర్పే పాఠం. ఆ రెండు ముక్కలు పారేయకు. లైట్‌ప్యాడ్ మీద పక్కపక్కన చేర్చి తీస్తే, జింప్ అనే ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో కత్తిరించిన గీతను పూడ్చవచ్చు. సన్నటి గీత అయితే కనబడదు.

బొగ్గుగని_బిడ్డ
మాది గోదావరిఖని. మా తాత ఫోటో ఫ్రేములో ఉంది, అద్దం మీద ప్రతి పండుగకూ నాయనమ్మ బొట్టు పెడుతుంది. స్కాన్ చేద్దామని వెనక అట్ట తీసి చూస్తే ఫోటో అద్దానికి కరుచుకుపోయింది. గోరుతో లేపబోతే చెవి దగ్గర కొంచెం లేచింది. అక్కడే ఆపేసిన. ఏం చేయాలి? నాయనమ్మ బొట్టు తుడవనివ్వదు కూడా.

రీలుడబ్బా
ఆపి మంచి పని చేశావు బిడ్డా. ఇంకెప్పుడూ లాగకు. తేమకు ఫోటో పైపొర మెత్తబడి అద్దానికి అతుక్కుంది. లాగితే ముఖం అద్దంతో వస్తుంది. అద్దంతో పాటే కెమెరాతో తీయాలి. లెన్స్_పిచ్చి చెప్తాడు.

లెన్స్_పిచ్చి
అద్దం ఉన్న ఫోటో అయితే ఇలా చేయండి. ఫ్రేమును గోడకు ఆనించండి, పడకుండా. రెండు దీపాలు అటూ ఇటూ 45 డిగ్రీల వంపులో పెట్టండి. ఫ్లాష్ వద్దు. ఎదురుగా ఉన్న కెమెరా, మీరు కూడా అద్దంలో కనబడతారు కాబట్టి నల్లటి దుప్పటికి రంధ్రం చేసి అందులోంచి లెన్స్ ఒక్కటే బయటికి పెట్టండి. కెమెరాలో ఐఎస్‌ఓ (వెలుతురుకు స్పందించే స్థాయి) 100, ఎఫ్ (లెన్స్ రంధ్రం సైజు) 8, ట్రైపాడ్, 2 సెకన్ల టైమర్. చేయి తగలకూడదు.

కెమెరా సరిగ్గా ఎదురుగా ఉందో లేదో చూడటానికి ఒక ఉపాయం. ఫోటో ఉండే చోట ముఖం చూసుకునే చిన్న అద్దం ఆనించి పెట్టి కెమెరాలో చూడండి. మీ లెన్స్ బొమ్మ సరిగ్గా మధ్యలో కనబడితే వంకర లేనట్టే.

బొట్టు ఉంచండి అన్నా. అలా తీసింది ఒకటి, నాయనమ్మ ఒప్పుకున్న రోజు తుడిచి తీసింది ఇంకొకటి.

బొగ్గుగని_బిడ్డ
తీసిన. బొట్టుతోనే. నాయనమ్మకు చూపిస్తే ఇంకేం తీయొద్దు, ఇదే మంచిగుంది అన్నది.

భద్రకాళి_చెరువుగట్టు
2023 జులై వరదల్లో మా ఇంట్లోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. పెండ్లి ఆల్బమ్ బురదలో తేలింది. ఆ టెన్షన్‌లో ఎండకు ఆరబెట్టాం. అదే మేం చేసిన తప్పు. ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుని ఇటుకలా గట్టిపడ్డాయి. తర్వాత తెలిసింది, తడిసిన ఫోటోలు ఆరకముందే చల్లటి శుభ్రమైన నీళ్లలో మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఒక్కోటి ఆరబెట్టాలట. వెంటనే కుదరకపోతే కవర్లో చుట్టి ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టించి, తీరిక దొరికినప్పుడు కొన్ని కొన్ని తీసుకోవచ్చు. మా 120 ఫోటోల్లో 31 దక్కాయి. మధు గారూ, ట్రంకుపెట్టెను మళ్లీ కింద పెట్టకండి.

హన్మకొండ_మధు
ఆల్బమ్‌లోంచి ఫోటోలు రావడం లేదు. జిగురు పసుపురంగుకు తిరిగింది. ఇంకో ఆల్బమ్‌లో ఫోటోల మీద తేనెపట్టు లాంటి గరుకు ఉంది, స్కాన్ చేస్తే తెల్ల చుక్కలు చుక్కలుగా వస్తోంది. స్కానర్ లైడ్ 300 తెచ్చాను. మీ అందరి మాట విని సగం డబ్బు మిగిల్చుకున్నాను.

జగిత్యాల_రమ
జిగురు ఆల్బమ్‌కు డెంటల్ ఫ్లాస్, అదే పళ్ల సందుల్లో తీసే దారం. ఫోటో మూల కిందికి పోనిచ్చి రంపం లాగినట్టు మెల్లగా అటూ ఇటూ లాగండి. రానిదాన్ని బలవంతం చేయకుండా ప్లాస్టిక్ తీసి పేజీతో సహా స్కాన్ చేయండి. నేను 60 అలాగే చేశాను.

రీలుడబ్బా
ఆ గరుకు కాగితాన్ని మేం సిల్క్ పేపర్ అనేవాళ్లం. 80లలో మోజుగా ఉండేది, వేలిముద్రలు పడవని. గరుకు మీద స్కానర్ దీపం ఒక పక్క నుంచే పడుతుంది కాబట్టి ఆ చుక్కలు. ఒకసారి స్కాన్ చేసి, ఫోటోను తలకిందులుగా తిప్పి మళ్లీ స్కాన్ చెయ్యి. రెండోదాన్ని కంప్యూటర్‌లో తిన్నగా తిప్పి మొదటిదాని మీద సగం పారదర్శకంగా వేస్తే చాలావరకు చుక్కలు పోతాయి. ఓపిక పని. నచ్చిన నాలుగైదింటికి చెయ్యి, అన్నిటికీ వద్దు.

ఎనుమాముల_మిర్చి
నాది చిన్న మాట. జేపెగ్‌ను మార్చి దాచిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. స్కాన్‌ను టిఫ్‌లో దాచి, దాన్ని ముట్టకుండా కాపీ మీద పని చేసుకోండి. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి విడి హార్డ్‌డిస్క్‌లో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న అన్నదమ్ముల దగ్గర. చుట్టాలకు వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే కుదించేస్తుంది.

కాజీపేట_పోరడు
లైట్‌ప్యాడ్ లేకపోతే ట్యాబ్ తెర తెల్లగా పెట్టి దాని మీద నెగెటివ్ పెట్టొచ్చా?

లెన్స్_పిచ్చి
పెట్టొచ్చు, కానీ నేరుగా ఆనించకు. తెర పిక్సెళ్లు జల్లెడలా బొమ్మలో పడతాయి. రెండు మూడు సెంటీమీటర్లు పైకి లేపి మధ్యలో పాలరంగు ప్లాస్టిక్ పలక పెట్టు. తీశాక జింప్‌లో ఇన్వర్ట్ కొడితే బ్లాక్ అండ్ వైట్ వెంటనే మామూలు బొమ్మ అవుతుంది. కలర్ నెగెటివ్‌కు నారింజ పొర ఉంటుంది, దాన్ని తీసేయడానికి డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్‌లో నెగడాక్టర్ అని ఉంది. రెండూ ఉచితమే.

హన్మకొండ_మధు
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. ప్రింట్లు 300 అయిపోయాయి, 600 డీపీఐ. వంకర తిరిగిన చిన్న ఫోటోలను రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచితే స్కానర్ అద్దానికి ఆనాయి. బావమరిది స్నేహితుడి కెమెరా రెండు రోజులు దొరికింది. 120 నెగెటివ్‌లు 46 తీశాను. రీలుడబ్బా సార్ అన్నట్టు అసలు సొమ్ము ఇందులోనే ఉంది. ప్రింటులో ఆవగింజంత ఉన్న ముఖాలు ఇప్పుడు టీవీలో కంటిరెప్పలతో సహా కనబడుతున్నాయి.

ఒక్క సమస్య. వేయి స్తంభాల గుడి మెట్ల మీద అమ్మ కూర్చున్న ఫోటో టీవీలో పెట్టాను. అమ్మ దగ్గరికొచ్చి చాలాసేపు చూసింది. "నేను పైట ఎప్పుడన్న కుడి భుజం మీద వేసుకున్ననా?" అంది. చూస్తే నిజమే, కొంగు కుడి వైపు ఉంది. ఫోటో పాడైందా?

రీలుడబ్బా
పాడు కాలేదు. నెగెటివ్ తిరగబడింది. ఫిల్మ్‌కు ఒక పక్క మెరుస్తుంది, ఒక పక్క మసకగా ఉంటుంది. మసక పక్క మీదనే బొమ్మ పొర. మెరిసే పక్క కెమెరా వైపు ఉండాలి, లేకపోతే ఎడమ కుడి అవుతుంది. మళ్లీ తీయనక్కరలేదు. జింప్‌లో అడ్డంగా తిప్పు, అంతే. మిగతా 45 కూడా ఒకసారి చూసుకో. కొంగు ఎడమ భుజం మీద ఉండాలి, మగవాళ్ల చొక్కా జేబు ఎడమ పక్కన ఉండాలి, బోర్డు ఉంటే అక్షరాలు తిన్నగా చదవగలగాలి. అమ్మ కంటిచూపు తగ్గిందన్నావు గానీ, 46 ఫోటోలు చూసిన నీకన్నా ముందు ఆమే పట్టుకుంది.

హన్మకొండ_మధు
46లో 19 తిరగబడ్డాయి సార్. అన్నీ సరిచేశాను. అమ్మ పక్కన కూర్చుని ఒక్కో ఫోటోకు పేర్లు చెబుతోంది, ఫైలు పేరులోనే రాస్తున్నాను. సంవత్సరం ముందు, తర్వాత ఊరు, తర్వాత మనుషులు. 31 ఫోటోలకు అయిపోయింది.

ఒకదానిలో మాత్రం బాపు పక్కన యూనిఫాంలో ఒకాయన ఉన్నాడు. భుజం మీద చెయ్యేసి మరీ నిలబడ్డారు. అమ్మకు గుర్తు రావడం లేదు. ఆయన జేబు మీద బిళ్ల ఉంది, అక్షరాలు ఉన్నట్టు తెలుస్తోంది గానీ చదవరావడం లేదు. అది చదవగలిగితే ఆయన ఎవరో దొరుకుతాడేమో. ఇంకా పదునుగా తీసే దారి ఉందా?

రీలుడబ్బా
ఉంది. నెగెటివ్ మొత్తం కాకుండా ఆ జేబు ఉన్న మూలను మాత్రమే దగ్గరగా తీయాలి. నెగెటివ్ నుంచి పెద్ద ప్రింట్లు కొట్టే నా ఎన్‌లార్జర్ లెన్స్ ఇంకా బీరువాలో ఉంది. దాన్ని తిరగేసి కెమెరాకు బిగిస్తే గోరంత చోటు కూడా ఫ్రేము నిండా వస్తుంది. మేం ఎన్ని ప్రింట్లు కొట్టామో ఆ లెన్స్‌కే తెలుసు. ఆదివారం ఇంటికి తీసుకురా, చిరునామా ప్రైవేట్ మెసేజ్‌లో పెడతాను. నెగెటివ్‌ను అంచులు పట్టుకునే కవర్లో పెట్టు, వేలు తగలనివ్వకు.

లెన్స్_పిచ్చి
సార్, నేనూ రావచ్చా? ఆ లెన్స్ బిగించడం ఒకసారి కళ్లతో చూడాలి. నా కెమెరా తెస్తాను.

రీలుడబ్బా
రా తమ్మీ. ట్రైపాడ్ కూడా తే, నాది విరిగింది.

హన్మకొండ_మధు
ఆదివారం పదింటికి వస్తాం సార్. అమ్మ కూడా వస్తానంటోంది.